బొద్దుగా... ముద్దుగా... బాలూ తమ్ముడు!

అక్షరాలకు తలకట్టు ఉంటుంది. కొమ్ము ఉంటుంది. పొట్టా ఉంటుంది. మరి మనస్తత్వం? అదీ ఉంటుందంటారు అక్షరాలు గీసేవాళ్లు. కొన్ని అక్షరాలు పెద్దమనుషుల్లా నిటారుగా నిలబడతాయి. కొన్ని పట్టుచీర కట్టుకున్న పేరంటాళ్లలా ఒయ్యారం పోతాయి. ఇంకొన్ని, అప్పుడే బువ్వ తిని బొజ్జ నిమురుకుంటున్న బుజ్జాయిల్లా ఉంటాయి. ఆ మూడో రకంలో తెలుగుకి దొరికిన ఒక అక్షరాల కుటుంబం కథ ఇది. దాని పేరు కూడా అచ్చతెలుగే... ‘తమ్ముడు’!

* * *

పాపాయి మొదటి పుట్టినరోజు. పిలుపుల కార్డు వేయించాలి. నాన్న డీటీపీ షాపుకి వెళ్తాడు. బెలూన్ల బొమ్మ, కేకు బొమ్మ, టోపీ పెట్టుకున్న కుందేలు బొమ్మ... అన్నీ చకచకా కుదిరిపోతాయి. ఇంగ్లిషులో ‘హ్యాపీ బర్త్‌డే’ అని రాయడానికి ఉబ్బిన బెలూన్లలాంటి అక్షరాలు బోలెడు. తెలుగులో పాప పేరు రాయబోయేసరికి వస్తుంది చిక్కు. ఉన్న నాలుగైదు రకాల్లో ఒకటి పెళ్లి శుభలేఖలా ఉంటుంది. ఇంకొకటి పాఠ్యపుస్తకంలా. మరొకటి వేలం ప్రకటనలా. చివరికి ఏదో ఒకటి పెట్టి, దానికి గులాబీ రంగు పులిమి ‘బాగానే ఉందిలెండి’ అనుకుని బయటపడాల్సిందే.

తెలుగు కుటుంబాలు చాలాకాలం ఇలాగే సర్దుకుపోయాయి. భాషకి అందం లేక కాదు. గుండ్రదనంలో తెలుగు లిపిని కొట్టేది ఏది? తాటాకు మీద గంటంతో గీతలు గీస్తే ఆకు చీలిపోతుందనే మనవాళ్లు అక్షరాలను ఇలా గుండ్రంగా తిప్పారని అంటారు. చేతిరాతలోనూ మనకేం తక్కువ లేదు. బాపు కుంచె రాత చూసి ‘ఇది బాపుది’ అని పిల్లలు సైతం చెప్పేసేవారు. ఈశ్వర్, గంగాధర్ లాంటి పబ్లిసిటీ కళాకారులు సినిమా పోస్టర్ల మీద పేర్లను నవ్వించారు, ఉరిమించారు. బజారులో బోర్డులు రాసే పెయింటర్లు మిఠాయి కొట్టుకొక తీరు, చెప్పుల కొట్టుకొక తీరు చూపించారు. ఆ కుంచెలు పక్కకు జరిగి, కంప్యూటరూ ఫ్లెక్సీ ప్రింటరూ వచ్చాకే ఊరంతా ఒకటే రాత అయింది.

అడవి నుంచి వచ్చాడు

ఈ కొరత తీర్చినవాళ్లలో ముంబయికి చెందిన ‘ఏక్ టైప్’ బృందం ఒకటి. సారంగ్ కులకర్ణి, గిరీశ్ దాల్వీ, నూపుర్ దాతే దీన్ని నడిపిస్తున్నవారు. మన దేశ లిపులకు అక్షరాలు గీయడమే వీళ్ల పని. అంతకుముందే దేవనాగరిలో ‘మోదక్’ అనే ఫాంటు చేశారు. మోదకమంటే వినాయకుడికి పెట్టే కుడుమే. పేరుకు తగ్గట్టే ఆ అక్షరాలు పూర్ణం కుక్కిన కుడుముల్లా ఉంటాయి. గీతల మధ్య ఖాళీ వెంట్రుకవాసి మాత్రమే!

తరవాత వచ్చింది ‘బాలూ’. ఇంగ్లిషు అక్షరాలతో పాటు దేవనాగరి, గుజరాతీ, గురుముఖి, బెంగాలీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం... మొత్తం తొమ్మిది భారతీయ లిపుల్లో ఒకే పోలికతో దీన్ని గీశారు. ఉర్దూకి మరొకటి. 2016లో ఇవి గూగుల్ ఫాంట్స్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి.

బాలూ ఎవరో పిల్లలకు చెప్పక్కర్లేదు. రుడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చువేసిన ‘జంగిల్ బుక్’లోని ఎలుగుబంటి. సంస్కృతంలో భల్లూకం, హిందీలో భాలూ, కిప్లింగ్ కలంలో బాలూ. తోడేలు పిల్లలకు, మోగ్లీకి అడవి నీతి నేర్పిన మాస్టారు కూడా అతనే. 1967లో డిస్నీ సంస్థ తీసిన కార్టూన్ సినిమా ఆ మాస్టారిని చీకూచింతా లేని ఆటగాడిగా మార్చేసింది. చిత్రమేమిటంటే కిప్లింగ్ పుట్టింది ముంబయిలోనే. అక్షరాల బాలూ పుట్టిందీ అక్కడే.

పేరు ఊరికే పెట్టలేదు. ఈ అక్షరాలను కాసేపు చూస్తే ఎలుగుబంటి కనిపిస్తుంది. గీత మందం. ఒళ్లంతా బొద్దు. మూలలు మెత్తన. అక్కడక్కడా మాత్రం బొచ్చులోంచి బయటికొచ్చిన గోళ్లలా చిన్న చిన్న మొనలు. అందుకే మరీ బెలూనులా గాలికి ఎగిరిపోదు. నేల మీద కుదురుగా కూర్చుంటుంది.

ఎక్కడ అన్న? ఎక్కడ తమ్ముడు?

అన్నిటికన్నా ముచ్చటైన సంగతి వీటి పేర్లు. దేవనాగరిది ఒట్టి ‘బాలూ’. మిగతా లిపులన్నింటికీ ఆయా భాషల్లో తోబుట్టువుని పిలిచే పిలుపు జోడించారు. గుజరాతీలో ‘బాలూ భాయ్’. పంజాబీలో ‘బాలూ పాజీ’. బెంగాలీలో ‘బాలూ దా’. ఒడియాలో ‘బాలూ భైనా’. మలయాళంలో ‘బాలూ చేట్టన్’. ఉర్దూలో ‘బాలూ భాయిజాన్’. తమిళంలో ‘బాలూ తంబి’. కన్నడంలో ‘బాలూ తమ్మ’. తెలుగులో... ‘బాలూ తమ్ముడు’!

గమనించారా? పాజీ, దా, భైనా, చేట్టన్... వీళ్లంతా అన్నలు. తమిళ, కన్నడ, తెలుగు ఇళ్లకు వచ్చేసరికి మాత్రం ఎలుగుబంటి తమ్ముడైపోయాడు. అన్నయ్య అంటే కాస్త భయం ఉంటుంది. తమ్ముడంటే చనువు. బొద్దుగా, అల్లరిగా ఉండే అక్షరానికి మనవైపు ఆ పిలుపే నప్పింది.

కన్నడ తమ్మనీ తెలుగు తమ్ముణ్నీ పక్కపక్కన పెడితే కవలలేమో అనిపిస్తారు. అదీ సహజమే. ఒకప్పుడు రెండు భాషలదీ ఒకటే లిపి. తరవాత దారులు వేరయ్యాయి. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా సాగుతుంది. కంప్యూటరు తెర మీద ఆ పాత చుట్టరికం మళ్లీ ఒకసారి బయటపడింది.

లావెక్కితే చిక్కే!

తెలుగు తమ్ముణ్ని గీసింది మైథిలీ శింగ్రే, ఓంకార్ షెండే. లావుగా, గుండ్రంగా గీయడంలో కష్టమేముంది అనిపించవచ్చు. అసలు కష్టమంతా అక్కడే.

ఇంగ్లిషు ‘ఓ’ని ఎంత లావు చేసినా అది ‘ఓ’నే. తెలుగులో అలా కుదరదు. ‘ర’ పొట్టలో చుక్క పెడితే ‘ఠ’. ‘ధ’ పొట్టలో చుక్క పడితే ‘థ’. ‘ప’ లోపల చిన్న గీత గీస్తే ‘ష’, కింద ఒత్తు తగిలిస్తే ‘ఫ’. ‘వ’కీ ‘మ’కీ తేడా ఒక కొమ్ము. గీత మందం పెరిగేకొద్దీ లోపలి ఖాళీ తగ్గిపోతుంది. ఖాళీ తగ్గితే చుక్క మాయం. చుక్క మాయమైతే ‘కథ’ కాస్తా ‘కధ’ అయి కూర్చుంటుంది. పెద్దవాళ్లు అలవాటు కొద్దీ సరిగ్గానే చదివేస్తారు. అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న బిడ్డకు అలా కాదు. కళ్లకు కనిపించిందే అక్షరం. పిల్లల కోసం చేసిన ముద్దు అక్షరం పిల్లలకే తప్పు నేర్పితే ఇంకేమైనా ఉందా?

అందుకే లావు అక్షరాలు గీసేవాళ్లు ఒక ఉపాయం చేస్తారు. గీతంతా ఒకే మందంలో ఉంచరు. రెండు గీతలు కలిసేచోట నడుము బిగించినట్టు కాస్త సన్నం చేస్తారు. చుక్క పడాల్సిన పొట్టను కాస్త వెడల్పు చేస్తారు. చూసేవాడికి మాత్రం ఒళ్లంతా ఒకే లావున్నట్టు అనిపించాలి. కొలబద్ద పెట్టి కొలిస్తే ఎక్కడా సమానంగా ఉండదు, కంటికి మాత్రం సమానమే. దర్జీ కొలతలు తీసుకుని కూడా కళ్లతో చూసి కుట్టినట్టు అన్నమాట.

ఇక ఒత్తుల సంగతి. ఇంగ్లిషు అక్షరాలు రైలు పెట్టెల్లా ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. తెలుగు అక్షరం మేడ కడుతుంది. పైన గుడి, మధ్యలో హల్లు, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ రాయండి. ‘ష’ కింద ‘ట’ ఒత్తు, దానికి తోడు ‘ర’ ఒత్తు. ‘స్త్రీ’ రాయండి. కింద రెండు ఒత్తులు, పైన గుడి దీర్ఘం. పైగా గ, డ, ద లాంటి అక్షరాలు ఒత్తులయ్యేటప్పుడు తలకట్టు తీసేసి కింద కూర్చుంటాయి. త, న, మ, య, ర, ల అయితే రూపమే మార్చేసుకుంటాయి. పైఅంతస్తు వాళ్లే లావుగా ఉంటే, కింద ఉండేవాళ్లకు చోటెక్కడిది? ఒత్తుని మరీ చిన్నది చేస్తే చీమలా ఉంటుంది. పెద్దది చేస్తే కిందివరసలోని గుడికి తగులుతుంది. ఈ రెంటి మధ్యా దారి వెతుక్కోవాలి.

ఇంగ్లిషుకి పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు గీస్తే ఫాంటు నిలబడుతుంది. తెలుగు ఫాంటుకి గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు చూసుకుని వందల రూపాలు గీయాలి. గీస్తే సరిపోదు. ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ రూపం చూపించాలో కంప్యూటరుకి నియమాలు రాసిపెట్టాలి. ‘స్త్రీ’ అనేది మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ ఆరింటినీ ఒక్క మేడగా కట్టే మేస్త్రీ పనే ఫాంటుది.

అచ్చు దిమ్మల నుంచి...

తెలుగు అక్షరం అచ్చెక్కిన కథ పాతదే. 1746లో జర్మనీలోని హాలే పట్నంలో బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మతబోధకుడు తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ తరవాత మద్రాసులో తెలుగు అచ్చు వేళ్లూనింది. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ ఒత్తులనూ గుణింతాలనూ అరల్లోంచి ఏరి పేర్చేవాడు. కొత్త తీరు అక్షరం కావాలంటే మళ్లీ ఆ వందల ముక్కలూ పోతపోయించాలి. ఖర్చు తలచుకుంటేనే గుండె గుభేలు. అందుకే పాత అచ్చులనే దశాబ్దాల తరబడి వాడుకున్నారు.

కంప్యూటర్లు వచ్చాక ఆ బరువు తగ్గినా వేరే తలనొప్పి మొదలైంది. డీటీపీ తొలినాళ్ల ఫాంట్లు ఎవరికివారు సొంత లెక్కతో చేసుకున్నవి. ఒక ఫాంటులో టైపు చేసింది ఇంకో ఫాంటులోకి మారిస్తే ‘అమ్మ’ పోయి అర్థంకాని గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. ప్రపంచ భాషలన్నిటికీ ఒకే లెక్క ఉండాలని 1991లో యూనికోడ్ వచ్చింది. మొదటి విడతలోనే తెలుగుకి అందులో చోటు దక్కింది. ఆ లెక్కను పాటించే అక్షరాలు రావడానికి మాత్రం సమయం పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ చేసి ఉచితంగా ఇచ్చారు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ లాంటి కవుల పేర్లతో వరసగా ఫాంట్లు విడుదల చేసింది. వాటిలో చాలావరకు గూగుల్ ఫాంట్స్‌లోకీ చేరాయి. ఆ కవుల సభలోకి చెంగున గెంతుకుంటూ వచ్చినవాడే తమ్ముడు.

కొనక్కర్లేదు... కొట్టేసినట్టూ కాదు

బాలూ ఫాంట్లన్నీ ‘ఓపెన్ ఫాంట్ లైసెన్స్’ కింద ఇచ్చారు. అంటే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పుస్తకం అచ్చు వేసుకోవచ్చు, కొట్టు బోర్డు పెట్టుకోవచ్చు, చాక్లెట్ కాగితం మీద వేసి అమ్ముకోవచ్చు. తెలిసినవాళ్లు అక్షరాలను మార్చుకోనూవచ్చు. ఫాంటునే విడిగా సరుకులా అమ్మకూడదు, అంతే. సొంతానికో పిల్లల బడికో నాలుగు కాగితాలు అచ్చు వేసుకునేవారికి ఇదెంత వెసులుబాటో చెప్పక్కర్లేదు.

మొదట్లో తమ్ముడికి ఒకే ఒక్క ఒళ్లు, బాగా లావు. తరవాత వచ్చిన ‘బాలూ-2’లో ఐదు మందాలు పెట్టారు. మామూలు బరువు నుంచి బాగా బరువు దాకా. శీర్షికకు లావుపాటి తమ్ముడు, కింద రెండు ముక్కలు రాయడానికి సన్నబడిన తమ్ముడు. ఇదే బృందం 2022లో ‘అనేక్’ అనే మరో పెద్ద కుటుంబాన్ని తెచ్చింది. అందులో మందమే కాదు, వెడల్పూ కావలసినట్టు మార్చుకోవచ్చు. దానికీ తెలుగు రూపం ఉంది.

ఇంకో సౌకర్యం ఉంది. తమ్ముడిలో ఇంగ్లిషు అక్షరాలు కూడా అదే పోలికతో ఉంటాయి. మన బోర్డుల మీద రెండు భాషలూ పక్కపక్కన ఉంటాయి కదా. సాధారణంగా ఇంగ్లిషు సోకుగా, తెలుగు ఏదో తప్పనిసరి అన్నట్టుగా మూలకు నక్కి ఉంటుంది. రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటే చూసేవాళ్లకు తెలుగు చిన్నబోయినట్టు అనిపించదు.

నవ్వులపాలైన నవ్వు అక్షరం!

గుండ్రటి సరదా అక్షరాల్లో ప్రపంచమంతా తెలిసింది ‘కామిక్ శాన్స్’. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనార్ అనే డిజైనర్ దగ్గరకు ‘బాబ్’ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో ఒక కార్టూన్ కుక్క మాట్లాడుతుంది. దాని మాటలు మాత్రం వార్తాపత్రికల తరహా గంభీరమైన అక్షరాల్లో ఉన్నాయి. కుక్క అలా మాట్లాడుతుందా? కొనార్ కామిక్ పుస్తకాలు ముందేసుకుని, చేత్తో రాసినట్టుండే కొత్త అక్షరాలు గీశాడు. ‘బాబ్’కి అవి సమయానికి అందలేదు. విండోస్‌తో పాటు మాత్రం ఇంటింటికీ చేరిపోయాయి.

అక్కడే వచ్చింది ముప్పు. పిల్లల కోసం చేసినదాన్ని జనం ఆఫీసు నోటీసులకూ హెచ్చరిక బోర్డులకూ వాడేశారు. విసుగెత్తిన ఓ అమెరికన్ డిజైనర్ జంట ఏకంగా దాన్ని నిషేధించాలంటూ ప్రచారం మొదలుపెట్టింది. 2012 జులై 4న సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ కణం జాడ దొరికిందని ప్రకటించినప్పుడు, ఫాబియోలా జియానొట్టి చూపించిన స్లైడ్లు ఈ అక్షరాల్లోనే ఉన్నాయి. అంత పెద్ద వార్త పక్కన పెట్టి అక్షరాల గురించి నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు!

మరోవైపు, చదవడంలో ఇబ్బందిపడే డిస్‌లెక్సియా పిల్లలకు అనువైన అక్షరాల్లో ఒకటిగా బ్రిటిష్ డిస్‌లెక్సియా అసోసియేషన్ దీని పేరు చెప్పింది. అక్షరాలు ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా విడివిడిగా కనిపించడం వాళ్లకు ముఖ్యం. తప్పు అక్షరానిది కాదు, చోటుది.

మీరూ ఎంచుకోండిలా...

* తమ్ముడు శీర్షికల మనిషి. పుట్టినరోజు కార్డు, బారసాల పిలుపు, పిల్లల పుస్తకం అట్ట, బడి వార్షికోత్సవం బ్యానరు, ఐస్‌క్రీమ్ బండి... వీటికి భేష్. పేజీలకు పేజీలు కథ రాయడానికి పనికిరాడు. కళ్లు అలసిపోతాయి.

* దశదిన కర్మ కార్డు, కోర్టు నోటీసు, మందుల చీటీ... వీటి దగ్గరికి రానివ్వకండి. ఏడుపు ఇంట్లో నవ్వు ముఖంలా ఉంటుంది.

* అచ్చుకిచ్చే ముందు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ లాంటి మాటలు రాసి చూడండి. ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటికొస్తే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషల సెట్టింగ్ విడిగా ఎంచుకోవాలి.

* వరసల మధ్య ఇంగ్లిషుకి ఇచ్చినంత ఖాళీ సరిపోదు. ఇంకాస్త ఎక్కువ ఇవ్వండి. పైవరస ఒత్తు, కిందివరస గుడి గుద్దుకోకూడదు.

* ఒకే కాగితం మీద రెండు రకాల అక్షరాలు మించనివ్వకండి. నాలుగు రకాలు కలిపితే సంతలా ఉంటుంది.

* చిన్న సైజులో ఒకసారి అచ్చు తీసి, ఒకటో తరగతి పిల్లాడితో చదివించండి. ‘ధ’నీ ‘థ’నీ వాడు విడివిడిగా పట్టుకుంటే నిశ్చింతగా వాడుకోవచ్చు.

* * *

ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడా అనిపించొచ్చు. ఇంగ్లిషు మీడియం బడికెళ్లే ఈ కాలపు పసివాడి కళ్ల ముందు ఇంగ్లిషు అక్షరం రకరకాల వేషాల్లో గెంతుతూ ఉంటుంది. బొమ్మల పెట్టె మీద, చాక్లెట్ కాగితం మీద, కార్టూన్ టైటిల్లో. తెలుగు అక్షరం మాత్రం పాఠ్యపుస్తకంలో, పరీక్ష కాగితం మీద కనిపిస్తుంది. ఒకటి ఆటలో పరిచయం, రెండోది శిక్షలో. దేనివైపు వాడి మనసు లాగుతుందో చెప్పడానికి పండితులు కావాలా? ఒక్క ఫాంటుతో భాష బతికిపోదు, నిజమే. కానీ పాప మొదటి పుట్టినరోజు కార్డు మీద తన పేరు తెలుగులో బొద్దుగా నవ్వుతూ కనిపిస్తే, ఆ కార్డుని అమ్మ బీరువాలో దాస్తుంది. ఆరేళ్ల తరవాత పాపే దాన్ని తీసి కూడబలుక్కుని చదువుకుంటుంది. ఆ రోజు తన పేరులోని ప్రతి ఒత్తూ, ప్రతి చుక్కా స్పష్టంగా కనిపిస్తే చాలు.

తమ్ముడు తన పని చేసినట్టే!